పైరుకు కొత్త కావలి

మనిషి సేద్యం నేర్చిన నాటి నుండి పురుగుతో అతనికి పోరు తప్పలేదు. ఆరుగాలం శ్రమించి పెంచిన పైరును పురుగు కళ్లెదుటే కొరికివేస్తుంటే రైతు పడే వేదన ఇంతింత కాదు. ఈ పోరులో గత శతాబ్దం అతనికి అందించిన ప్రధానాయుధం రసాయన విషం. అయితే పంటను తినే పురుగుతోపాటు పూలపై వాలే తేనెటీగను, పేనుబంకను తిని పైరును కాపాడే అక్షింతల పురుగును కూడా ఆ విషం బలిగొన్నది. చల్లిన రైతు ఆరోగ్యాన్నీ అది విడిచిపెట్టలేదు. శత్రువును మాత్రమే గుర్తించే ఆయుధం లేదా అన్న ప్రశ్నకు జీవశాస్త్రం చూపిన సమాధానాలలో ఒకటి జన్యు నిశ్శబ్దీకరణ.

పురుగు కణంలో జన్యువులు కేంద్రకంలో ఉంటాయి. ఏ ప్రోటీను తయారు కావాలో తెలిపే ఆజ్ఞను అక్కడి నుండి రాయబారి ఆర్.ఎన్.ఏ. మోసుకొని వస్తుంది. రాజాజ్ఞను తెచ్చే దూతను దారిలోనే అడ్డగిస్తే ఆ ఆజ్ఞ అమలు కాదు గదా! ఇక్కడ జరిగేదీ అదే. ఆ సందేశానికి సరిపోలిన రెండుపోగుల ఆర్.ఎన్.ఏ. లోపలికి ప్రవేశిస్తే, కణం దానిని చిన్న చిన్న తునకలుగా కత్తిరిస్తుంది. ఆ తునకల ఆనవాలుతో తన సొంత రాయబారినే వెదకి నాశనం చేసుకుంటుంది. జన్యువు చెక్కుచెదరదు, దాని మాట మాత్రం వినిపించదు. అమెరికా శాస్త్రవేత్తలు ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఒక సూక్ష్మమైన నులిపురుగులో ఈ రహస్యాన్ని కనుగొని 1998లో ప్రకటించారు. అందుకు 2006లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

ఈ జ్ఞానం పొలానికి చేరిన తీరుకు అమెరికాలోని బంగాళాదుంప చేలు నిదర్శనం. అక్కడ కొలరాడో పెంకుపురుగు ఆకులను తిని మొక్కలను మోడు చేస్తుంది. యాభైకి పైగా క్రిమిసంహారక రసాయనాలను తట్టుకొనే శక్తిని అది సంపాదించింది. దాని కణాలలో పనికిరాని ప్రోటీన్లను తొలగించే యంత్రాంగానికి ఒక జన్యువు అవసరం. ఆ జన్యువును మూగబోయేటట్లు చేసే ‘లెడ్‌ప్రోనా’ అనే ఆర్.ఎన్.ఏ. మందుకు 2023 డిసెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతి ఇచ్చింది. దీనిని ఆకులపై చల్లుతారు. మొక్క జన్యువులలో ఎట్టి మార్పూ ఉండదు. ఆ ఆకు తిన్న పిల్లపురుగు మేత మాని, కొన్ని రోజులలో మరణిస్తుంది. సందేశం సరిపోలని జీవులలో ఈ తునకలకు పని ఉండదు. నేలలో చేరిన మందు త్వరగా విచ్ఛిన్నమవుతుంది.

అయినా ఇది సర్వరోగ నివారిణి కాదు. పెంకుపురుగులలో చక్కగా పనిచేసే ఈ పద్ధతి, మన పత్తి రైతును వేధించే శనగపచ్చ పురుగు వంటి వాటిలో అంతగా ఫలించడం లేదు. వాటి జీర్ణనాళంలోని ఎంజైములు ఆర్.ఎన్.ఏ.ను ముందే ముక్కలు చేసివేయడం ఇందుకు ఒక కారణం. పైగా పురుగు సులభంగా ఓటమిని అంగీకరించదు. 2021లో వెలువడిన ఒక ప్రయోగశాల పరిశోధనలో కొలరాడో పెంకుపురుగు తొమ్మిది తరాలలోనే రెండుపోగుల ఆర్.ఎన్.ఏ.ను తట్టుకొనే శక్తిని సంతరించుకున్నది.

ఈ హెచ్చరిక మనకు కొత్త కాదు. 2002లో మనదేశంలో బీటీ పత్తికి అనుమతి లభించినప్పుడు కాయతొలుచు పురుగుల బెడద తీరిందని రైతులు సంతోషించారు. పురుగు బీటీకి అలవాటు పడకుండా చేను చుట్టూ బీటీ కాని పత్తి వరుసలు నాటాలని నిపుణులు చెప్పారు. ఉన్న కొద్దిపాటి చేనులో కొన్ని వరుసలను పురుగుకు విడిచిపెట్టడానికి చాలామందికి మనసొప్పలేదు. కాలక్రమంలో గులాబీరంగు పురుగు బీటీని తట్టుకొని తిరిగి కాయలలో చేరింది.

కనుక ఎంత గొప్ప ఆయుధమైనా అదొక్కటే చాలదు. పంట మార్పిడి, మిత్రపురుగుల సంరక్షణ, అవసరం మేరకే మందుల వాడకం కలిసిన సమగ్ర సస్యరక్షణలో జన్యు నిశ్శబ్దీకరణ కూడా ఒక భాగం కావాలి. మితంగా, వివేకంతో వాడుకొన్నప్పుడే ఈ కొత్త కావలి రైతు పైరును చిరకాలం కాపాడగలదు.