గుర్రాలెన్ని? బరువెంత? - పాత కారులో భౌతికశాస్త్రం



మొన్న పదవ తరగతిలో "సామర్థ్యం" పాఠం చెబుతుండగా ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ! మా అన్నయ్య ఉద్యోగంలో చేరి ఆరు లక్షలు కూడబెట్టాడు. పాతదైనా సరే, బాగా పరుగెత్తే కారే కొంటానంటున్నాడు. మూడు బండ్లు చూశాడు. ఏది మంచిదో ఎలా తేల్చాలి?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక కుటుంబం ఏళ్లకేళ్లు దాచుకున్న డబ్బు, ఒక యువకుని ప్రాణం, రెండూ ఆ ప్రశ్నలో ఉన్నాయి. పైగా దానికి కావలసిన జవాబులో చాలా భాగం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది.

ఆ మూడు బండ్లు ఇవి: ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ (2013లో వచ్చిన 1.2 లీటర్ల రకం), ఫియట్ అబార్త్ పుంటో (2015లో వచ్చింది), మారుతి బలేనో ఆర్ఎస్ (2017లో వచ్చింది). మూడూ పెట్రోలు బండ్లే. మూడింటికీ టర్బో ఉంది. మూడింటి తయారీ ఇప్పుడు ఆగిపోయింది. కాబట్టి వీటిని పాతవిగానే కొనాలి.

గుర్రం అంటే ఎంత?

సామర్థ్యం అంటే ఒక సెకనులో జరిగే పని అని మీకు తెలుసు. పద్దెనిమిదవ శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాన్ని గుర్రాలతో పోల్చి చెప్పవలసి వచ్చింది. అలా పుట్టిన "అశ్వ సామర్థ్యం" విలువ దాదాపు 746 వాట్లు. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. కొన్ని కంపెనీలు "పి.ఎస్." అనే మెట్రిక్ గుర్రాన్ని వాడతాయి. అది 735.5 వాట్లే. ప్రకటనల్లో అంకెలు పోల్చేటప్పుడు అది ఏ గుర్రమో ముందు చూడాలి. అన్నిటినీ వాట్లలోకి మార్చుకుంటే ఈ గొడవే ఉండదు.

మీ సామర్థ్యాన్ని మీరే కొలుచుకోవచ్చు. 45 కిలోల విద్యార్థి 3.2 మీటర్ల ఎత్తున్న మెట్లను 4 సెకన్లలో ఎక్కాడనుకుందాం. గురుత్వ త్వరణం 10 అనుకుంటే, 45 × 10 × 3.2 ÷ 4 = 360 వాట్లు. అంటే దాదాపు అర గుర్రం!

ఇప్పుడు మన కార్లను చూద్దాం. అబార్త్ పుంటోకి 145 గుర్రాలు, అంటే సుమారు 108 కిలోవాట్లు. పోలోకి 105 పి.ఎస్., అంటే 77 కిలోవాట్లు. బలేనో ఆర్ఎస్‌కి 102 పి.ఎస్., అంటే 75 కిలోవాట్లు. ఇంతవరకే చూస్తే బలేనోకి చివరి స్థానం. కాని లెక్క ఇంకా పూర్తి కాలేదు.

బరువుతో భాగించండి

న్యూటన్ రెండవ నియమం గుర్తు చేసుకోండి. ఒకే బలంతో లాగినా, ద్రవ్యరాశి ఎక్కువైతే త్వరణం తగ్గుతుంది. ఎడ్లు ఎంత బలమైనవో చూసి ఊరుకుంటే చాలదు, బండిలో ఎన్ని బస్తాలు వేశారో కూడా చూడాలి. అందుకే సామర్థ్యాన్ని బండి ద్రవ్యరాశితో భాగిస్తాం.

అబార్త్ పుంటో: 108 కిలోవాట్లు, సుమారు 1200 కిలోలు - కిలోకు 90 వాట్లు
బలేనో ఆర్ఎస్: 75 కిలోవాట్లు, సుమారు 950 కిలోలు - కిలోకు 79 వాట్లు
పోలో జీటీ: 77 కిలోవాట్లు, సుమారు 1110 కిలోలు - కిలోకు 69 వాట్లు

చూశారా! పోలో కన్నా తక్కువ సామర్థ్యం ఉన్న బలేనో దానిని దాటి ముందుకు వచ్చింది. కారణం దాని తేలిక శరీరమే. ఇప్పుడు ఒక్కొక్కరు 60 కిలోల చొప్పున అయిదుగురు ఎక్కారనుకోండి. ప్రతి బండికీ 300 కిలోలు కలపాలి. అప్పుడు వరుసగా 72, 60, 55 వాట్లు వస్తాయి. డ్రైవరు ఒంటరిగా ఉన్నప్పుడు చలాకీగా ఉన్న బండి, కుటుంబమంతా ఎక్కితే ఎందుకు మందగిస్తుందో ఈ అంకెలే చెబుతాయి. అందుకే బండిని పరీక్షించేటప్పుడు ఒక్కరే కాక, ఇంట్లోవాళ్లను కూడా ఎక్కించుకోవాలి.

ఇంకో లెక్క చూడండి. గంటకు 100 కి.మీ. వేగం అంటే సెకనుకు 27.8 మీటర్లు. ఆ వేగంలో 1200 కిలోల బండికి ఉండే గతిశక్తి (ద్రవ్యరాశిలో సగం × వేగం × వేగం) సుమారు 4,63,000 జౌళ్లు. 108 కిలోవాట్లు ఎడతెగకుండా అందితే ఈ శక్తి 4.3 సెకన్లలో సమకూరాలి. కాని అబార్త్ పుంటోకి కంపెనీ చెప్పిన సమయమే 8.8 సెకన్లు. మిగతా కాలం ఏమైంది? ఇంజను తన పూర్తి సామర్థ్యాన్ని ఒకానొక భ్రమణ వేగం దగ్గరే ఇస్తుంది. కదిలిన మొదటి క్షణంలో అది అందదు. గేరు మార్చే ప్రతిసారీ కొంత కాలం పోతుంది. గేర్లలోను, టైర్లలోను, ఎదురుగాలిలోను కొంత శక్తి ఖర్చవుతుంది. డ్రైవరు బరువును మనం అసలు కలపనే లేదు. ప్రకటనలో ఉండేది ఒకే అంకె, రోడ్డుమీద మాత్రం ఇన్ని లెక్కలు.

టర్బో చేసే పని

ఇంజనులో పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఎక్కువ గాలి పంపితే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివరనున్న చక్రం గాలిని ఒత్తి ఇంజనులోకి నెడుతుంది. ఇదే టర్బో. చిన్న ఇంజను పెద్దదానిలా పనిచేయడంలో రహస్యం ఇదే.

ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. దానిని కాపాడేది పలుచని నూనె పొర ఒక్కటే. యజమాని సకాలంలో ఇంజనాయిలు మార్చకపోతే ముందు దెబ్బతినేది ఇదే. అందువల్ల టర్బో ఉన్న పాత బండి కొనేవారు రంగు కన్నా ముందు నూనె మార్చిన రసీదులు అడగాలి. రాత్రంతా చల్లగా ఉన్న ఇంజనునే స్టార్టు చేయించాలి. మనం వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, ముందే స్టార్టు చేసి ఉంచారేమోనని అనుమానించాలి. పొగ నీలంగా వస్తే నూనె మండుతున్నదని అర్థం. నల్లగా వస్తే పెట్రోలు సరిగా మండడం లేదు. ఇంజను వేడెక్కాక కూడా తెల్లని పొగ ఆగకపోతే, చల్లబరిచే నీరు లోపలికి చేరుతుండవచ్చు.

పరుగు కన్నా ఆగడం ముఖ్యం

బండి వేగం రెట్టింపయితే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ శక్తినంతా బ్రేకులు ఉష్ణంగా మార్చాలి. ఇందాక లెక్కకట్టిన 4,63,000 జౌళ్లతో దాదాపు ఒకటిన్నర లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేవరకు కాచవచ్చు. ఒక్కసారి బ్రేకు వేసి బండిని ఆపితే పుట్టే వేడి అంత! శ్రీశైలం ఘాట్‌లో దిగేటప్పుడు మాటిమాటికీ బ్రేకు వేస్తే ఏమవుతుందో ఊహించండి. తక్కువ గేరులో దిగమని పెద్దలు చెప్పేది అందుకే.

బ్రేకు గొట్టాలలో ఉండే ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. "డాట్-4" రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ చేరిన స్థితిలో ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకుపోదు గాని ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడలు నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. పాత బండి కొన్నవారు ఆ ద్రవాన్ని వెంటనే మార్పించాలి. అయ్యే ఖర్చు తక్కువ, దానివల్ల దక్కేది ప్రాణం.

చివరకు బండిని ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణే. ఆగే దూరం కావాలంటే, వేగం వర్గాన్ని ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణాల లబ్ధానికి రెట్టింపుతో భాగించాలి. గంటకు 60 కి.మీ. వేగంలో (సెకనుకు 16.7 మీటర్లు), ఘర్షణ గుణకం 0.7 అయితే బండి 20 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు, అరిగిన టైర్లు కలిసి గుణకం 0.4కు పడిపోతే 35 మీటర్లు పడుతుంది. డ్రైవరు తేరుకుని బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పట్టినా, బండి మరో 17 మీటర్లు పోయినట్లే. ఆ అదనపు 15 మీటర్లలో ఒక సైకిలు ఉండవచ్చు, బడికి వెళ్లే పిల్ల ఉండవచ్చు. 145 గుర్రాలున్న బండికైనా ఈ సూత్రం ఒక్కటే. గుర్రాల సంఖ్య అందులో ఎక్కడా లేదు, గమనించారా?

టైరు పుట్టినరోజు

కొన్నేళ్ల కిందట నేనూ ఒక పాత కారు కొన్నాను. టైర్ల గాళ్లు లోతుగా ఉన్నాయని మురిసిపోయాను. మే నెల ఎండలో హైవే మీద పోతుండగా ఒక టైరు పేలింది. అదృష్టం కొద్దీ వెనక బస్సు లేదు. తరువాత మెకానిక్ ఆ టైరు పక్కనున్న అంకెలు చూపించాడు. దాని వయసు తొమ్మిదేళ్లు! బండి తిరగకపోయినా ఎండకూ గాలికీ రబ్బరు గట్టిపడి పగుళ్లు బారుతుంది.

ప్రతి టైరు మీదా "డాట్" అనే గుర్తు వెంట వచ్చే అంకెలలో చివరి నాలుగు దాని పుట్టినరోజు. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. గాళ్ల అడుగున చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే, గాళ్ల లోతు ఇక 1.6 మిల్లీమీటర్లే. అప్పుడు మార్చవలసిందే. వాననీటిని పక్కకు తోసేవి ఆ గాళ్లే.

అయస్కాంతం చెప్పే నిజం

ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి బండి తలుపుల మీద, రెక్కల మీద ఆనించి చూడండి. ఇనుప రేకు మీద అతుక్కుంటుంది. ఢీకొని సొట్టపడిన చోట మందంగా పుట్టీ నింపి రంగు వేసి ఉంటే సరిగా అతుక్కోదు. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి అక్కడ మాత్రం ఈ పరీక్ష పనికిరాదు.

ఆరు లక్షల లెక్క

చేతిలో ఆరు లక్షలుంటే ఆరు లక్షల బండి చూడకూడదు. అయిదవ వంతు, అంటే లక్షా ఇరవై వేలు పక్కన పెట్టాలి. టైర్లు, బ్రేకు ద్రవం, నూనె, బీమా, పేరు మార్పిడి ఖర్చులు అందులోంచి రావాలి. అబార్త్ పుంటో ఇంజనులో టైమింగ్ బెల్టు ఉంది. దానిని మార్చిన ఆధారం లేకపోతే ఆ ఖర్చు కూడా కలపాలి. పోలో జీటీ 1.2లో ఉన్నది ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ పెట్టె. అది పాడైతే బాగుచేయడం ఖరీదైన పని. కనుక దానిని ఖాళీ రోడ్డు మీదనే కాక, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో కూడా నడిపి చూడాలి. ఫియట్ కార్ల తయారీ మన దేశంలో 2020కి ముందే ఆగిపోయింది. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కొనకముందే కనుక్కోవాలి. మారుతికి చిన్న ఊళ్లలో కూడా సర్వీసు కేంద్రాలున్నాయి. ఇదీ లెక్కలోకి రావలసిన అంశమే.

అమ్మేవాడు 29, 30 నంబరు ఫారాల మీద సంతకం చేయాలి. వేరే రాష్ట్రపు బండి అయితే 28వ ఫారం కూడా కావాలి. అనుమతి లేకుండా బండిలో పెద్ద మార్పులు చేయడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. "ఇంజను శక్తి పెంచాం" అని ఎవరైనా గొప్పగా చెబితే అది బండి గొప్పతనం కాదు, మీకు హెచ్చరిక.

చివరకు ఏమైంది?

నేను ఏ బండీ ఎంచి చెప్పలేదు. ఆ కుర్రవాడికి ప్రయోగశాల నుంచి ఒక అయస్కాంతం, ఒక నోటుపుస్తకం ఇచ్చి పంపాను. ఆదివారం అన్నదమ్ములిద్దరూ మూడు బండ్లూ చూసి వచ్చారు. ఒక బండి ఎడమ తలుపు మీద అయస్కాంతం నిలవలేదు. ఇంకో బండి నాలుగు టైర్ల మీదా 1416 అని ఉంది, నూనె మార్చిన రసీదు ఒక్కటీ లేదు. మిగిలిన బండికి కాగితాలన్నీ సరిగా ఉన్నాయి. ఒక టైరు మాత్రం అరిగింది. అన్న దానినే తీసుకుని, పక్కన పెట్టిన డబ్బుతో ముందుగా టైర్లు మార్పించాడు.

అది ఏ బండో మీకు చెప్పను. చెబితే పేరు గుర్తుంచుకుని పద్ధతి మరచిపోతారు. అదే కంపెనీ బండి ఇంకొకటి రేపు మీ ముందుకు వస్తే, దాని కథ వేరుగా ఉండవచ్చు.

మీరు చేయండి

1. ఒక చెక్క మీద రబ్బరు ముక్క పెట్టి, చెక్కను ఒక వైపు మెల్లగా ఎత్తండి. ముక్క జారబోయే క్షణంలో చెక్క ఎత్తును దాని అడుగు కొలతతో భాగించండి. అదే ఘర్షణ గుణకం. చెక్కను తడిపి ఒకసారి, దుమ్ము చల్లి ఒకసారి మళ్లీ చేయండి. మూడు విలువలూ పోల్చండి.

2. గంటకు 120 కి.మీ. వేగంలో, ఘర్షణ గుణకం 0.7 అయితే బండి ఆగడానికి ఎంత దూరం పడుతుంది? 60 కి.మీ. దగ్గర వచ్చిన జవాబుకు అది ఎన్ని రెట్లు?

3. పోలో టార్కు 175, బలేనో టార్కు 150 న్యూటన్-మీటర్లు. రెండింటినీ బండి బరువులతో భాగించండి. మీరు ఏమి గమనించారు?