కంటికి కనబడని నాణెము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు జిల్లా 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రములో చేరినది. అంతకుముందు హైదరాబాదు పాలనలో ఇచ్చటి బజారులలో హాలీ సిక్కా చెల్లెడిది. నైజాము కాలమున తుంగభద్ర దాటి కర్నూలు చేరినచో కల్దారు రూపాయి కావలసియుండెను. ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు కల్దారు రూపాయలు మారకము. నాణెము విలువ లోహములోనే గాక, దానిని పుచ్చుకొనువారి నమ్మకములోను ఉన్నదని ఇచ్చటి వర్తకులకు వేరుగా బోధింప పనిలేదు.

దూరపు బేరములకు హుండీ సాధనము. షాజోగు హుండీని పరువుగల షాహుకారు ద్వారా తెచ్చినగాని సొమ్ము చెల్లింపరు. హుండీ పోయినచో పైఠు, అదియు పోయినచో పర్‌పైఠు వ్రాసి యిచ్చెడివారు. ప్రతులెన్ని యున్నను సొమ్ము ఒక్కసారియే చెల్లవలెను. చెల్లించువాని ఖాతా పుస్తకమే అందుకు కాపు.

కంప్యూటరు నాణెమునకు వచ్చిన చిక్కు ఇదియే. అది కేవలము అంకెల వరుస. నకలు తీయుట క్షణములో పని. ఒకే నాణెమును ఇద్దరికిచ్చినచో ఆపువారెవరు? బ్యాంకు ఆపగలదు. కాని అప్పుడు ఎవరు ఎవరికెంత యిచ్చినదియు బ్యాంకునకు తెలియును.

దీనికి 1982లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ చౌమ్ "గ్రుడ్డి సంతకము" అను ఉపాయము చెప్పెను. లోపల కార్బను కాగితమున్న కవరులో చీటీ పెట్టి, బ్యాంకువారిచే పైన సంతకము చేయించినట్లు భావింపుడు. సంతకము చీటీపై పడును. చీటీలోని సంఖ్య వారికి కనబడదు. చీటీ తిరిగి వచ్చినపుడు తమ సంతకమును గుర్తించి, ఆ సంఖ్య ఒకసారి చెల్లినదని వ్రాసికొందురు. దానిని తీసికొనినవారెవరో మాత్రము తెలియదు. చౌమ్ స్థాపించిన డిజిక్యాష్ సంస్థ నాణెమును 1995లో అమెరికాలోని మార్క్ ట్వేన్ బ్యాంకు వాడుకలోనికి తెచ్చెను. 1998లో సంస్థ దివాలా తీసెను. 

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అను మారుపేరుతో తొమ్మిది పుటల వ్యాసము వెలువడెను. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ ఖాతాలో మొదటి పుట వ్రాయబడెను. ఈ ఖాతా పుస్తకము ఒక బ్యాంకులో ఉండదు. దాని ప్రతులు వేలాది కంప్యూటర్లలో ఉండును. క్రొత్త పుట చేర్చుటకు కంప్యూటరు మిక్కిలి లెక్కలు చేయవలెను. పాత పుటను దిద్దదలచినవాడు ఆ శ్రమనంతయు తిరిగి చేయవలెను. నాణెముల మొత్తము 2 కోట్ల 10 లక్షలు మించదు. 2011లో సతోషి తప్పుకొనెను. ఆ పేరు వెనుకనున్నది ఎవరో నేటికిని రుజువు కాలేదు.

ఇచ్చట పలువురు పొరబడుచున్నారు. మారుపేరు వేరు, పేరు లేకుండుట వేరు. బిట్‌కాయిన్ ఖాతాలో పేరునకు బదులు ఒక గుర్తు ఉండును. ప్రతి చెల్లింపును అందరును చూడవచ్చును. ఆ గుర్తు ఫలానా వానిదని ఒక్కసారి తెలిసినచో, ఆ గుర్తుతో జరిగిన వెనుకటి లావాదేవీలన్నియు బయటపడును.

మరియొక భేదము గలదు. హుండీ చెల్లనిచో వెళ్ళి తట్టుటకు ఒక వాకిలి ఉండెను. ఇచ్చట రహస్యపు తాళపుచెవి పోయినచో పైఠు వ్రాసి యిచ్చువారు లేరు. మోసగానికి పంపిన సొమ్మును వెనుకకు తెచ్చు గుమాస్తాయు లేడు. ఖాతా తప్పకపోవచ్చును, ఎదుటివాడు సత్యవంతుడని ఖాతా చెప్పజాలదు.

మన దేశమున రిజర్వు బ్యాంకు 2018లో విధించిన ఆంక్షను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసెను. 2022 ఏప్రిల్ 1 నుండి ఇట్టి ఆస్తుల లాభముపై నూటికి 30 వంతున పన్ను ఏర్పడెను. అదే సంవత్సరము డిసెంబరు 1న రిజర్వు బ్యాంకు తన డిజిటల్ రూపాయిని సామాన్యుల వాడుకకు ప్రయోగాత్మకముగా విడుదల చేసెను. దీనికి పూచీ రిజర్వు బ్యాంకుది. బిట్‌కాయిన్‌నకు అట్టి పూచీదారు లేడు.

కావున సొమ్ము రెట్టింపగునని ఎవరేని చెప్పినపుడు మన యువకులు మూడు ప్రశ్నలు వేయవలెను: తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నది? పూచీ ఎవరిది? నష్టము వచ్చినచో అడుగవలసినది ఎవరిని? షాజోగు హుండీ తెచ్చినవానిని విచారించిన పెద్దలు అడిగినదియు ఇదియే.