రుణము – వాద్యము

రుణం అనే మాటకు మన ప్రాచీనులు చెప్పిన అర్థం విస్తృతమైనది. మనిషి దేవరుణం, ఋషిరుణం, పితృరుణం అనే మూడు రుణాలతోనే జన్మిస్తాడని వైదిక వాఙ్మయం చెబుతున్నది. అవి యజ్ఞంతో, అధ్యయనంతో, సంతానంతో తీరుతాయి. వాటికి పత్రం లేదు, జమానతుదారు లేడు, మిత్తి అసలే లేదు. ఈ పాఠంలో చెప్పుకోబోయేది నాలుగో రకం రుణం. అది అంగడిలో పుడుతుంది.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇంటర్మీడియట్ చదువుతున్న పదిహేడేళ్ల యువకుణ్ణి ఊహించండి. అతడు ముప్పై వేల రూపాయల గిటారు మీద మనసు పడ్డాడు. ఆ కోరికలో దోషం లేదు. ఆ వయసులో ఒక వాద్యం మీద మనసు నిలవడం అదృష్టమనే చెప్పాలి. కాని చేతిలో సొమ్ము లేదు. పరిచయస్థుడొకరు నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి ఇస్తానన్నాడు. మూడు అన్న అంకె చెవికి చాలా స్వల్పంగా వినిపిస్తుంది.

లెక్క వేద్దాం. ముప్పై వేలకు నెలకు మిత్తి 900 రూపాయలు, సంవత్సరానికి 10,800. అంటే నూటికి 36 వంతులు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ ముగిసేనాటికి మిత్తి కిందనే 21,600 రూపాయలు చెల్లుతాయి. అసలు మాత్రం చెక్కుచెదరక ముప్పై వేలుగానే నిలిచి ఉంటుంది. మిత్తి కట్టలేక ఏడాది చివర నోటు తిరగరాస్తే సంగతి ఇంకా విషమిస్తుంది. మొదటి ఏడాది మిత్తి అసలులో కలిసి 40,800 అవుతుంది. రెండో ఏడాది చివరికి బాకీ 55,488 రూపాయలకు చేరుతుంది. అప్పటికి గిటారు తీగలు ఎన్నిసార్లు మార్చవలసి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట ముచ్చట. 'వడ్డీ' అనేది సంస్కృత 'వృద్ధి' శబ్దం నుంచి వచ్చింది. పెరగడమే దాని స్వభావం. తెలంగాణలో జనవ్యవహారంలో ఉన్న మాట 'మిత్తి'. ప్రాచీన కావ్యాలలో 'మిత్తి' అంటే మృత్యువు. పుట్టుకలో ఇవి రెండు వేర్వేరు పదాలు కావచ్చు. కాని బాకీ పడిన రైతు ఇంట ఆ భేదాన్ని ఎవరు పాటించారు?

ఊరి షావుకారు స్థానంలోకి ఇటీవల చేతిఫోను వచ్చింది. నిమిషాలలో అప్పు ఇచ్చే యాప్‌ల వసూలుదారుల వేధింపులు భరించలేక 2020 డిసెంబరులో తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు మార్గదర్శకాలు జారీచేసింది. అప్పు ఇచ్చే ముందే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలనీ, అందులో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక శాతాన్ని చూపాలనీ వాటి ఆదేశం. నెలకు మూడు అని కాక, ఏడాదికి ముప్పై ఆరు అని చదివినప్పుడు చేయి కొంత ఆగుతుంది.

చట్టం ఏమంటుంది? 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ఆ వయఃపరిమితిని పద్దెనిమిదేళ్లుగా నిర్ణయించింది. కలకత్తాలో ధర్మోదాస్ ఘోష్ అనే మైనరు ఇల్లు తాకట్టు పెట్టి ఇరవై వేల రూపాయలకు పత్రం రాశాడు. ఆ పత్రం మొదటినుంచే చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. నిత్యావసరాలు సమకూర్చినవారికి మాత్రం మైనరు ఆస్తి నుంచి రాబట్టుకునే వీలున్నది. ఏది అవసరం అన్న ప్రశ్న ఇంగ్లండులోనూ వచ్చింది. ఒక దర్జీ కేంబ్రిడ్జి విద్యార్థికి పదకొండు సొగసైన వేస్ట్‌కోట్లు అరువుగా ఇచ్చాడు. విద్యార్థికి అప్పటికే చాలినన్ని దుస్తులున్నాయి కనుక అవి అవసరాలు కావని 1908లో అక్కడి అప్పీలు న్యాయస్థానం తేల్చింది. దర్జీకి బాకీ రాలేదు.

మరి మన యువకుడు నిశ్చింతగా ఉండవచ్చునా? షావుకారు అంత అమాయకుడు కాడు. నోటు మీద సంతకం అన్నది గాని తండ్రిది గాని అవుతుంది. లేదా తల్లి పుస్తెలతాడు కుదువకు పోతుంది. చట్టం కొడుకును కాపాడుతుంది. సంతకం పెట్టినవారికి ఆ రక్షణ లేదు.

ఈ నేలకు అప్పు కొత్తది కాదు. నిజాం రాజ్యంలో భగేలా పద్ధతి ఉండేది. పెండ్లికో, తిండికో చేసిన స్వల్పమైన అప్పుకు మనిషి దొర పొలంలో ఏండ్ల తరబడి పనిచేసేవాడు. 1936లో హైదరాబాదు ప్రభుత్వం దానిని నియంత్రిస్తూ నిబంధనలు తెచ్చింది; దేశమంతటా వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. ఈ మధ్యకాలంలోనే 'పాలమూరు లేబర్' అన్న పేరు దేశమంతా పాకింది. గుంపు మేస్త్రీ ఇచ్చిన ముందస్తు సొమ్ముకు కట్టుబడి, కుటుంబాలకు కుటుంబాలు దూరదేశాల ఆనకట్టల పనులకు తరలిపోయాయి. ఆ ముందస్తు సొమ్ము కూడా మొదట చిన్న మొత్తమే. అటువంటి ఇంట్లో పుట్టిన బాలునికి అప్పు అంటే అంకె కాదు, తాత ఎందుకు ఊరు విడిచాడో చెప్పే కథ.

కవిసార్వభౌముడికీ ఇది తప్పలేదు. గుత్తకు తీసుకున్న భూమిలో పంట పోగా ఏడు వందల టంకాల బాకీకి శ్రీనాథుడు భుజాన బండ మోశాడని చాటువుల పరంపర చెబుతున్నది. కనకాభిషేకం పొందిన దేహానికి ఆ దశ పట్టింది.

వాద్యం విషయానికి వద్దాం. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉన్నది. ఆ కిన్నెర పాలమూరు నేలలో నేటికీ వినిపించే వాద్యం. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం, తీగలు దాని సామగ్రి. మెట్లకు అలుగు అనే జంతువు పొలుసులు వాడేవారు. ఇప్పుడా జంతువుకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్నది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల గాథలు పాడి 2022లో పద్మశ్రీ పొందారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్ల ప్రాయంలో చేతికెత్తుకున్నది ఇంట్లో తండ్రి వాయించే మాండలినే. ఆ పరదేశ వాద్యంపైనే ఆయన కర్ణాటక సంగీతాన్ని పలికించారు.

కనుక గిటారు పరాయిదని పెద్దలు ముఖం చిట్లించడం నాకు సమ్మతం కాదు. వెలను గురించే ఒక మాట. ఆరు తీగల మీద కొత్తగా అభ్యాసం చేసేవారికి మొదట వేళ్లకొసలు నొప్పి పెడతాయి. చర్మం గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. సాధన నిలుస్తుందో లేదో ఆ వారాలలోనే చాలావరకు తెలిసిపోతుంది. శ్రుతి చక్కగా నిలిచే పాత గిటారో, మిత్రుని దగ్గర ఎరువు తెచ్చుకున్నదో అంతవరకు చాలు.