రంగూన్ రుచి

గోదావరి సముద్రంలో కలిసే చోట, నేటి కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి ఒకనాడు పేరుమోసిన ఓడరేవు. 1839 నాటి తుపాను ఆ రేవును ధ్వంసం చేసింది. అయినా దాని పేరు కడలి దాటింది. కూలి కోసం బర్మా వెళ్లిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. వారు రంగూన్ రేవులో మూటలు మోశారు. బియ్యపు మిల్లులలో చెమటోడ్చారు. 1942లో జపాను సేనలు రంగూన్‌ను ఆక్రమించగా వేలాదిమంది కాలినడకన స్వదేశం దారిపట్టారు. 1964లో సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేయడంతో, మిగిలినవారిలో అనేకులు ఆస్తులు వదలి ఓడలెక్కారు. నగానట్రా తెచ్చుకోవడానికి ఆంక్షలుండేవి. వంటకు మాత్రం సుంకం లేదు!

అలా వచ్చిన కాందిశీకులకు విశాఖపట్నం కంచరపాలెం చెంతనున్న బర్మా క్యాంపు నీడనిచ్చింది. వారి వంట చిరుతిండి బండ్లకెక్కి కొందరికి జీవనాధారమైంది. అందులో ‘ఖౌసే’ ముఖ్యం. ఉడికించిన నూడుల్స్‌పై, కొబ్బరిపాలలో శనగపిండి కలిపి కాచిన పులుసు పోస్తారు. వేయించిన ఉల్లి, వెల్లుల్లి, కోడిగుడ్డు ముక్కలు చల్లి, నిమ్మరసం పిండి అందిస్తారు. చెన్నై బర్మా బజారు దగ్గర దొరికే ‘అత్తో’ దీనికి తోబుట్టువే. దానిని చింతపండు రసంతో, చేత్తోనే కలుపుతారు. కొబ్బరిపాలు కోనసీమవారికి కొత్త కావు. ఆ నూడుల్స్ మాత్రం ఐరావతీ తీరం నుండి వచ్చినవి.