పునఃపఠనం - ఒక రైతు చదివిన పుస్తకం

చదివిన పుస్తకాన్నే మళ్ళీ చదవడం కాలహరణమని మన విద్యార్థులలో చాలామంది అభిప్రాయం. కథ తెలిసిపోయిన తరువాత అందులో ఇంకేమి మిగిలి ఉంటుందని వారి ప్రశ్న. కాని ముషాయిరాలో మంచి షేర్ వినగానే సభ అంతా ‘ముకర్రర్’ అంటుంది. పద్యనాటకంలో నటుడు పద్యాన్ని రక్తి కట్టించగానే ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేస్తారు. తెలిసిన పద్యం కనుకనే మళ్ళీ వినాలనిపిస్తుంది. మొదటిసారి చెవికి అందని విశేషం రెండవసారి అందుతుంది. కవిత్వానికి మనం ఇచ్చే ఈ మర్యాద నవలకు ఎందుకు దక్కకూడదు? జేన్ ఆస్టిన్ రచించిన ‘ఎమ్మా’ నవలను ఆధారం చేసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం ప్రస్తుత వ్యాసోద్దేశం.

రీజెన్సీ యుగం

ఇంగ్లండు రాజు మూడవ జార్జి వ్యాధిగ్రస్తుడైనందున 1811 నుండి 1820 వరకు ఆయన కుమారుడు రాజప్రతినిధిగా పాలించాడు. ఆ కాలానికే రీజెన్సీ యుగమని పేరు. అప్పుడు మన హైదరాబాదులో మూడవ ఆసఫ్ జా సికందర్ జా నిజాముగా ఉన్నాడు. ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా (1768-1824) జీవించి ఉన్న రోజులవి.

జేన్ ఆస్టిన్ 1775లో ఒక మతాధికారి ఇంట జన్మించి, 1817లో నలభై ఒక్క ఏండ్లకే మరణించింది. ఆమె జీవితకాలంలో వెలువడిన నాలుగు నవలలపైన ఆమె పేరు లేదు. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ (1811) ఒక మహిళ రచన అని మాత్రమే అచ్చయింది. తరువాత ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813), ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ (1814) వచ్చాయి. 1815 డిసెంబరులో వెలువడిన ‘ఎమ్మా’ రాజప్రతినిధికే అంకితమైంది. ఆనాటి ప్రసిద్ధ నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను కనీసం మూడవసారి చదివినట్లు 1826లో తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. తానే గొప్ప కథకుడైనవాడు మరొకరి నవలను మూడుసార్లు చదివాడంటే, అది కథ తెలుసుకోవడానికి కాదని స్పష్టం.

కథాసంగ్రహం

హైబరీ అనే చిన్న ఊరిలో ఎమ్మా ధనవంతుని కుమార్తె. అందము, తెలివి, ఆస్తి మూడూ ఉన్నవి. తన తెలివిపై తనకు మితిమీరిన నమ్మకం కూడా ఉన్నది. తల్లిదండ్రులెవరో తెలియని హారియట్ అనే అమ్మాయిని చేరదీసి, ఆమెకు గొప్పింటి సంబంధం కుదర్చాలని పూనుకొంటుంది. రాబర్ట్ మార్టిన్ అనే యువ రైతు హారియట్‌ను వరించి ఉత్తరం వ్రాస్తాడు. ఎమ్మా ప్రోద్బలంతో హారియట్ తిరస్కరిస్తుంది. ఆ తరువాత ఎమ్మా వేసిన అంచనాలన్నీ ఒకదాని వెంట ఒకటి తలక్రిందులవుతాయి. చివరకు హారియట్ ఆ రైతునే పెండ్లాడుతుంది. తనను మొదటి నుండి మందలిస్తూ వచ్చిన నైట్లీని ఎమ్మా వివాహమాడుతుంది.

రెండవ పఠనంలో తెలిసేది

ఈ నవలలో దాదాపు ప్రతి విషయాన్నీ మనం ఎమ్మా కళ్ళతోనే చూస్తాము. రచయిత్రి తన మాటలలోనే ఎమ్మా మనసులోని మాటను కలిపివేస్తుంది. ఎవరి అభిప్రాయం ఎక్కడ ముగిసిందో మొదటిసారి చదివే పాఠకునికి తెలియదు. అందువల్ల ఎమ్మా మోసపోయినచోట మనమూ మోసపోతాము.

ఉదాహరణకు, ఫ్రాంక్ చర్చిల్ కేవలం జుట్టు కత్తిరించుకోవడానికి లండనుకు వెళ్ళి వస్తాడు. ఇతడెంత ఆడంబరపు మనిషి అని ఊరంతా నవ్వుకొంటుంది. కొద్ది రోజులకే జేన్ ఫెయిర్‌ఫాక్స్ అనే పేద యువతికి, పంపినవారి పేరు లేకుండా ఒక పియానో వస్తుంది. వీరిద్దరికీ రహస్యంగా వివాహ నిశ్చయం జరిగి ఉన్నదని కథాంతంలో గాని బయటపడదు. మళ్ళీ చదివినప్పుడు ఆ క్షౌర ప్రయాణంలోనే పియానో కనిపిస్తుంది. రచయిత్రి ఏదీ దాచలేదు. అన్నీ మన కళ్ళ ముందే పెట్టింది. అనవసర ప్రసంగమని మనం దాటవేసిన మిస్ బేట్స్ వదరుబోతు మాటలలో కూడా ఆధారాలు దొరుకుతాయి. పేదరాలి మాట వినే ఓపిక ఎమ్మాకు లేదు. మొదటి పఠనంలో మనకూ లేదు.

రాబర్ట్ మార్టిన్ పుస్తకాలు

రైతు రాబర్ట్ మార్టిన్ విషయంలో ఈ పరీక్ష మరింత కఠినమైనది. అతడు నైట్లీ భూమిని కౌలుకు చేస్తున్నవాడు. ఎమ్మా అతనిని దారిలో ఒక్కసారి చూచి, మోటువాడని తీర్పు చెబుతుంది. అతని ఉత్తరం చక్కగా ఉండడం చూచి, అక్కచెల్లెళ్ళు సహాయం చేసి ఉంటారని అనుమానిస్తుంది.

అయితే హారియట్ అమాయకంగా చెప్పే మాటలను శ్రద్ధగా వినండి. అతడు వ్యవసాయ నివేదికలు చదువుతాడు. సాయంకాలాలలో మంచి రచనలను ఇంటివారికి చదివి వినిపిస్తాడు. గోల్డ్‌స్మిత్ వ్రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ (1766) చదివాడు. మరి ఎమ్మా? పన్నెండేండ్ల వయస్సు నుండి చదువవలసిన పుస్తకాల పట్టికలు ఎంతో అందంగా తయారు చేసింది; నిలకడగా చదివినది లేదని నైట్లీ అంటాడు. పట్టిక వ్రాసిన ధనిక కన్య ఒకవైపు, పుస్తకం చదివిన రైతు మరొకవైపు. ఈ తారతమ్యాన్ని మొదటి పఠనంలో గుర్తించేవారు అరుదు.

ఆ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ మనకు పరాయిది కాదు. 1878లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘రాజశేఖర చరిత్రము’ వ్రాయడానికి ప్రేరణ ఆ పుస్తకమే. సంపన్న గృహస్థు ఐశ్వర్యం కోల్పోయి, కుటుంబంతో కష్టాలు పడి, తిరిగి నిలదొక్కుకొనే కథను పంతులుగారు గోదావరీ తీరపు జీవితంతో నింపి మనదిగా చేశారు. ఇంగ్లండు పల్లెలో ఒక రైతు సాయంకాలపు పఠనానికి, తెలుగు నవల ఆవిర్భావానికి మధ్య ఒకే గ్రంథం వారధిగా నిలిచింది.

మిరాతుల్ ఉరూస్‌తో పోలిక

ఉర్దూ నవలకు ఆద్యుడైన డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ‘మిరాతుల్ ఉరూస్’ వ్రాశారు. తరువాత 1877 నుండి కొన్నేండ్లు హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగం చేశారు. అందులో అక్బరీ, అస్గరీ అక్కచెల్లెళ్ళు. అక్క మొండిది, ఇల్లు చెడగొట్టుకొంటుంది. చెల్లెలు వివేకవతి, ఇల్లు నిలిపి, బాలికలకు చదువు కూడా చెబుతుంది. ఎవరు మంచివారో, ఎవరు కారో నజీర్ అహ్మద్ ముందే చెప్పివేస్తారు. ఆస్టిన్ చెప్పదు, మనలను పొరపడనిచ్చి తరువాత దిద్దుతుంది. అయినా ‘మిరాతుల్ ఉరూస్’ను కూడా మళ్ళీ చదవండి. చదువు సంధ్యలు లేకుండా పెరిగి, పెండ్లితో కొత్త ఇంటికి చేరిన అక్బరీ మీద ఈసారి కోపానికి బదులు జాలి కలుగవచ్చు. పుస్తకం మారలేదు, మనం మారినాము.

ఉపసంహారం

మన కళాశాలలో చదివేవారిలో అధిక సంఖ్యాకులు కల్వకుర్తి చుట్టుపక్కల మెట్ట భూములలో జొన్న, ఆముదం, పత్తి పండించే కుటుంబాల పిల్లలు. పట్నంలో అడుగు పెట్టగానే వేషము, ఉచ్చారణ చూచి మిమ్ములను ఒక్క చూపులో తూచేవారు తారసపడతారు. మీరు కూడా ఇతరులను అట్లే తూచవచ్చు. ఒక మనిషిని ఒక్క చూపులో చదివివేయడం ఎంత ప్రమాదమో ఉపన్యాసం లేకుండా బోధించగల శక్తి ఇటువంటి నవలలకు ఉన్నది. కాని ఆ బోధ గైడులోని కథాసంగ్రహంలో దొరకదు. ఈ వ్యాసంలో నేనిచ్చిన సంగ్రహంలోనూ లేదు.

ఆంగ్లం కష్టమని జంకేవారు మాలతీ చందూర్‌గారు ‘పాత కెరటాలు’ శీర్షికతో తెలుగులో చేసిన ఆంగ్ల నవలా పరిచయాలతో ప్రారంభించవచ్చు. అక్కడ కథ తెలుసుకొని మూలానికి వెళ్ళేవారికి మొదటి పఠనపు శ్రమ సగం తగ్గుతుంది. విద్యార్థినులకు ఒక ప్రత్యేక మనవి. పెండ్లి సంబంధం కుదిరిన నాడు చదువు ఆగిపోయిన వారిని మనం ఎరుగుదుము. తరగతి ఆగినా పఠనం ఆగనవసరం లేదు. మళ్ళీ చదవడం అలవాటైనవారికి ఇంట్లో ఉన్న రెండు పుస్తకాలే గ్రంథాలయం.

కళాశాల సంఘం పెద్దలకు నా విన్నపం ఒక్కటే. పదునాలుగు దినాలలో పుస్తకం తిరిగి ఇవ్వవలెననే నిబంధన మొదటి పఠనానికే చాలదు. ఉర్దూ, తెలుగు, ఆంగ్ల భాషలలోని కొన్ని ఉత్తమ నవలలకైనా, రెండు మూడు ప్రతులు ఉంచి, సెలవుల కాలమంతా విద్యార్థుల వద్ద ఉండనిస్తే, పట్టికలు వ్రాసే ఎమ్మాల కంటే చదివే రాబర్ట్ మార్టిన్లు మన కళాశాల నుండి ఎక్కువగా వెలువడతారు.