కష్టకాలమున నాయకుని వాక్కు

కలిమి కాలమున పలికిన తీయని మాటకంటె, లేమి కాలమున యజమాని పలికిన నిజమైన మాటకు విలువ యెక్కువ. పదిమంది జీవనభారమును వహించెడివాడు ఆపత్సమయమున ఎట్లు మాటలాడవలెనో శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండ తేటగా చూపుచున్నది.

సీతాన్వేషణమునకై దక్షిణదిశకు పోయిన వానరులకు సుగ్రీవుడు విధించిన నెలగడువు దాటిపోయెను. నాయకుడైన అంగదుడు ఆ సత్యమును దాచలేదు. కాని దారి చూపలేక నిరాశతో మాటలాడెను. హనుమంతుడు భేదోపాయముతో, భయముతో అతనిని మరల్ప జూచెను, అదియు ఫలింపలేదు. అంగదుడు ప్రాయోపవేశమునకు పూనుకొనగా తక్కిన వానరులును అతని వెంట కూర్చుండిరి. పిమ్మట సంపాతి వలన లంక జాడ తెలిసినను, నూరు యోజనముల సముద్రమును దాటి రాగలవా డెవ్వడని అందరును వెనుకాడిరి. అప్పుడు వృద్ధుడైన జాంబవంతుడు, ఒక ప్రక్క మౌనముగా నున్న హనుమంతునికి అతని జన్మవృత్తాంతమును, అతనియందే యున్న బలమును జ్ఞప్తికి తెచ్చెను. బెదిరింపలేదు, లేని గొప్పను కల్పింపలేదు. ఉన్న శక్తిని గుర్తుచేసెను, రామకార్యము సాగెను.

ఈ సత్యమునకు మన ప్రాంత చరిత్రయందును నిదర్శనము కలదు. 1970లో ప్రకాశము జిల్లాలో చేరిన చీరాల, అంతకుముందు గుంటూరు జిల్లాలోనిది. 1919లో ప్రభుత్వము చీరాల, పేరాలలను పురపాలక సంఘముగా మార్చగా, అచ్చటి నేతగాండ్రపైనను, ఇతర పేదలపైనను పన్నుల భారము పెరిగెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వారికి నాయకులై, తమ సేవకదళమునకు ‘రామదండు’ అని పేరిడిరి. సామాన్యుని రామకార్యమున నిలిచిన వీరునిగా భావించిన పిలుపు అది. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చిన పిమ్మట, వేలాది ప్రజలు ఇండ్లు విడిచి, ఊరివెలుపల పాకలు వేసికొని, ‘రామనగరు’ అను పేరుతో సుమారు 11 నెలలు కష్టముల కోర్చిరి. గోపాలకృష్ణయ్యగారి పాటలును, చమత్కార వాక్కులును వారికి ధైర్యము నిచ్చెను. అయితే ఆయన కారాగారమున కేగిన పిమ్మట ఉద్యమము సడలి, ప్రజలు ఇండ్లకు మరలిరి. ఒక్కని కంఠముపై నిలిచిన ధైర్యమునకు ఈ ప్రమాదము కలదు. కావున నాయకుని వాక్కు ఇతరుల యందలి శక్తిని మేల్కొల్పి, తాను లేనప్పుడును నిలుచునట్లు చేయవలెను.

ఈ బోధ పురాణకాలమునకే పరిమితము కాదు. 2025లో మిరప ధర పతనము కాగా, కేంద్రప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయలను మార్కెట్ జోక్య ధరగా నిర్ణయింపవలసి వచ్చెను. అట్టి యేట నష్టపోవునది రైతు ఒక్కడే కాదు. కాయ కోయు కూలీ, తొడిమ తీయు స్త్రీ, బస్తాలు మోయు హమాలీ, పద్దు వ్రాయు గుమాస్తా, ప్రత్తిమిల్లు పనివాడు, అందరును యజమాని ముఖమువైపే చూతురు. ఆయన మౌనము వహించినచో ఆ చోటును వదంతి ఆక్రమించును.

అట్టివేళ యజమానికి నాలుగు విధులు కలవు. మొదటిది, ఉన్న స్థితిని ముందుగానే, స్వయముగా చెప్పుట. ఎన్నిదినములు పని యుండునో తెలిసిన యెడలనే కూలీ మరియొక చోట పని వెదకుకొనగలడు. రెండవది, తగ్గింపును తన యింటి వ్యయముతో ఆరంభించుట. మూడవది, నెరవేర్పలేని వాగ్దానము చేయక, ఇచ్చిన మాటను గడువునకు చెల్లించుట. నాల్గవది, అనుభవజ్ఞులైన పనివారిని సలహా యడిగి, వారి నేర్పును వారికి గుర్తుచేయుట. ఇందులో మొదటి మూడును లేక నాల్గవదానిని మాత్రము చేసినచో అది ముఖస్తుతి యగును. ఆకలిగొన్నవానికి పొగడ్త అన్నము కాదు.

సత్యము, త్యాగము, ఆదరము అను మూడును కలిసినపుడే వాక్కు ఊరటయగును. జాంబవంతుని వంటి పెద్దరికమును శ్రీరామచంద్రుడు మన పెద్దలకు అనుగ్రహించుగాక.