ఊరు అదే, జిల్లా మారింది: కోడు రాసేవారికి

2016 అక్టోబర్ 11న పెద్దకొడప్‌గల్ నిజామాబాద్ జిల్లాలోంచి కొత్త కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది, మండల కేంద్రమూ అయింది. ఊరు మాత్రం జాగా కదల్లేదు. ప్రోగ్రామింగ్‌లో ‘ఐడెంటిటీ’ అంటే ఇదే: వివరాలు మారినా వస్తువు అదే.

మీరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఖాతాదారు వరుసలోనూ ‘నిజామాబాద్’ అని టైపు చేసి ఉంటే ఆ రోజు వేల వరుసలు దిద్దాలి. ఖాతాదారు నుంచి ఊరికి, ఊరి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు రిఫరెన్స్ ఉంటే మార్పు ఒక్కచోటే. అలాగని అన్నీ రిఫరెన్స్‌లే పెడితే ఇంకో చిక్కు: 2015లో ఇచ్చిన రసీదును ఇప్పుడు తెరిస్తే కామారెడ్డి అని చూపిస్తుంది. అది తప్పు. రసీదు మీద ఆనాటి వివరాలే కాపీగా నిలవాలి. 2024 మార్చిలో బండ్ల నంబర్లకు టీఎస్ బదులు టీజీ వచ్చాక కూడా కామారెడ్డి పాత బండ్ల మీద టీఎస్ 17 అలాగే ఉంది కదా! ఏది రిఫరెన్స్, ఏది కాపీ అన్నది కోడు మొదలెట్టే ముందే పై అధికారిని అడిగి తేల్చుకోండి. కొత్తగా చేరినవాళ్లు మొహమాటపడి అడగనిది ఇదే.

కోడులోనూ ఇదే తేడా వస్తుంది. పైథాన్‌లో మార్కెట్ రేట్ల లిస్టు ఉందనుకోండి. ‘నిన్నటి_ధరలు = ధరలు’ అని రాస్తే కాపీ తయారు కాదు, ఒకే లిస్టుకు రెండు పేర్లు పడతాయి. ఇవాళ ‘ధరలు’లో మొదటి అంకె మార్చారా, నిన్నటిదీ పోయింది. అందుకే ‘ధరలు.కాపీ()’ వాడాలి. లిస్టులో లిస్టులుంటే అదీ చాలదు, డీప్‌కాపీ కావాలి.

జావాది ఇంకా గడుసు వ్యవహారం. ఒకే విలువున్న రెండు ఇంటిజర్ ఆబ్జెక్టులను == తో పోలిస్తే 127 దాకా సమానమనే చెబుతుంది, 128కి మామూలుగా కాదంటుంది. −128 నుంచి 127 వరకు ఆబ్జెక్టులను జావా ముందే దాచుకుని మళ్లీ మళ్లీ అవే ఇస్తుంది; == చూసేది విలువను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని. చిన్న అంకెలతో టెస్టు పాసవుతుంది, అసలు డేటా రాగానే బోల్తా కొడుతుంది. విలువ కోసం ఈక్వల్స్ వాడండి. పైథాన్‌లో ఒకే ఆబ్జెక్టా అని చూసే ‘ఈజ్’ను ‘నన్’తో పోల్చడానికి ఉంచుకుంటే చాలు.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఐడెంటిటీ మీద ప్రశ్న తగిలితే నిర్వచనం అప్పజెప్పకండి. బోర్డు మీద ఒక గడి గీసి, రెండు పేర్ల నుంచి దానికి రెండు బాణాలు వేసి చూపించండి.